లోపల వదిలిన గుడ్డ

టైలర్ మాస్టరు పొద్దున్నే షట్టర్ ఎత్తి, మిషనుకు రెండు చుక్కల నూనె వేసి, సుద్దముక్క చెవి మీద పెట్టుకునేవాడు. అది అక్కడుందని మరిచిపోయి మధ్యాహ్నం దాకా కొట్టంతా వెతికేవాడు. వెతికిపెట్టటం కూతురి పని. కాజాలు కుట్టటమూ ఆమె పనే. ఆమె కుడి భుజం ఎడమదాని కంటే వేలెడు ఎత్తు. పోయిన నాయనమ్మ పోలిక. టేపు ఆ భుజాన వేస్తే కొట్టు కట్టేదాకా జారేది కాదు. "దేవుడు మా అమ్మాయిని కొక్కెం పెట్టి మరీ పంపాడు" అని మాస్టరు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. విని విని జనం ఆ ముక్క రాకముందే నవ్వేసేవాళ్ళు, తొందరగా వదిలిపెడతాడని.

బట్టలతోపాటు మనుషుల్ని కూడా సరిచేసేవాడు మాస్టరు. బాలింతకు నడుము పట్టి సన్నం చెయ్యటం, వంగిపోయిన ముసలాయనకు వీపు కాస్త బిగించటం, ఇలాంటి చిల్లర పనులు. సుద్దతో గీత గీసి, ఒంటిని లోపలికి మడిచి, సన్నగా కుట్టేసేవాడు. నొప్పుండదు, ఎండాకాలం కాస్త దురద. ఈ కథ చెబుతున్నవాడి పొట్ట కూడా ఆ చేతిలో పడ్డదే. ఆ తర్వాత వరసగా తిన్న విందులకు కుట్లు పటపటా తెగాయంటే అది మాస్టరు తప్పు కాదు. ఏ పని చేసినా చివర ఒకటే మాట అనేవాడు: "లోపల గుడ్డ వదిలాను. రేపు కావాలంటే విప్పుకోవచ్చు."

ఇంతలో వీధి చివర అద్దాల షోరూం వచ్చింది. అందులో చొక్కాలు మూడే సైజులు. ఈ వీధిలో ఎవరూ చూడని దేశంలో, ఈ వీధిని ఎన్నడూ చూడనివాళ్ళు కుట్టినవి. మొదట్లో జనం తొడుక్కుని, మెడ బిగుతు, భుజాలు జారుడు అని నవ్వుకున్నారు. అద్దాల వెనక నిలబెట్టిన బొమ్మల్ని వస్తూ పోతూ చూశాక, తప్పు చొక్కాది కాదేమోనని అనుమానం పట్టుకుంది. పైగా చొక్కాకు కత్తెర తగిలితే కంపెనీ వెనక్కి తీసుకోదు. అందుకని ఒకరోజు బ్యాంకు గుమాస్తా కొత్త చొక్కా తొడుక్కొచ్చి మాస్టరు ముందు నిలబడ్డాడు. మాస్టరు కాలరు మీద చెయ్యి వెయ్యబోతే చటుక్కున వెనక్కి తగ్గాడు.

"చొక్కా ముట్టుకోకు మాస్టరూ, దానికి గ్యారంటీ ఉంది. నాకేముంది, నన్ను పట్టు."

అప్పట్నుంచి వీధిలో మెడలు సన్నబడ్డాయి, భుజాలు చదునయ్యాయి. వెనకనుంచి ఒకణ్ణి పిలిస్తే ఇంకొకడు తిరిగి చూసేవాడు. మనుషుల గిరాకీ పెరిగింది కానీ, కొత్త గుడ్డ పట్టుకొచ్చేవాడు లేడు. కాజాలు కుట్టే సూది తుప్పు పట్టింది.

మాస్టరు ఎవరికీ తెలియకుండా ఆ షోరూం చొక్కా ఒకటి కొనితెచ్చి, ఇంట్లో తలుపేసుకుని తిరగేసి చూశాడు, పగవాడింటి కూర రుచి చూసినట్టు. లోపల ఒక్క పోగు వేలాడటం లేదు. మిగులు గుడ్డ లేదు. కుట్టు వెంట్రుకలా ఉంది.  ఇన్నేళ్ళూ తను కుట్టింది గోనెసంచులా అని భార్యనడిగాడు. ఆమె, కాదు, జేబులున్న గోనెసంచులు అంది.

షోరూంలో అమ్మాయిల్ని తీసుకుంటున్నారని తెలిసి కూతురు వెళ్ళింది. అక్కడి మేనేజరును వీధంతా టైబాబు అనేది. ఎండైనా వానైనా మెడకు టై ఉండాల్సిందే. ఆయనకు పిల్ల మాటతీరు నచ్చింది కానీ యూనిఫాం ఒకటే సైజు, మీడియం. అది మారదమ్మా, మిగతాది నీ ఇష్టం అన్నాడట. కూతురు కొట్టుకు తిరిగొచ్చి గిరాకీవాళ్ళు నిలబడే చోట నిలబడింది.

"నన్ను మీడియం చెయ్యి నాన్నా."

"అది మీ అమ్మ భుజం" అంది తల్లి, మొగుడి వైపు చూస్తూ. "దాన్ని కోస్తారా?"

"నాయనమ్మ భుజం మీద టేపు తప్ప ఏం నిలిచిందమ్మా? కాజాలు కుట్టించుకునేవాళ్ళేరీ?"

 తల్లి తుప్పు పట్టిన సూది వైపు చూసి, సరే, గుడ్డయినా వదలండి అంది. మాస్టరుకు రోషం వచ్చింది. ఊళ్ళోవాళ్ళకు చేసినట్టు నా కూతురికి చేస్తానా, షోరూం పనికి నా పని తీసిపోయిందా అన్నాడు. షోరూం చొక్కా తిరగేసి ఎదురుగా వేలాడదీసుకుని, దాన్ని చూస్తూ కుట్టాడు. మిగిలింది కుట్టు వారన కత్తిరించేశాడు. అది కింద పడింది. ఊడ్చి కట్‌పీసుల సంచిలో వేశాడు.

టైబాబు ఆ భుజం మీద బొటనవేలు పోనిచ్చి కుట్టెక్కడుందో కనుక్కోలేక, అచ్చం ఫారిన్ సరుకులా ఉంది అన్నాడట. కొక్కెం మాట మానేసి అప్పట్నుంచి ఈ ముక్క మొదలెట్టాడు మాస్టరు.

ఒకసారి కూతుర్ని చూసొద్దామని షోరూంకెళ్ళి, "అమ్మడూ" అని ఒకమ్మాయిని పిలిచాడు. ఆమె కాదు. పక్కనున్నదీ కాదు. మూడో అమ్మాయి నవ్వుతూ ఎదురొచ్చి, నమస్కారం సార్, ఏ సైజు చూపించమంటారు అంది. తర్వాత పెదవులు కదలకుండా, "పైన కెమెరా ఉంది, వెళ్ళు నాన్నా" అంది.

ఎక్కడో ఒక గదిలో ఎవరో కూర్చుని ఈ వీధి వద్దనుకున్నారు. తెల్లారేసరికి అద్దాలకు గోధుమరంగు కాగితాలు అంటించి ఉన్నాయి. టైబాబుకు కూడా ఆ సంగతి మిగతావాళ్ళతోపాటే ఫోన్లో వచ్చిందట. టై లేకుండా మాస్టరు కొట్టుకు వస్తే ఆయన్ని ఎవరూ గుర్తుపట్టలేదు. ఆయన మెడ కూడా ఎక్కడో కుట్టించుకున్నదేనని అప్పుడు తెలిసింది.

విప్పు మాస్టరూ అంటూ వరస కట్టారు. గుమాస్తా గొంతుముడి బుడుక్కున బయటికొచ్చింది. షోరూం పిల్లలు తమ పిక్కలు, తమ నడుములు తాము తడుముకుని పకపకా నవ్వారు. గుడ్డ వదలటమంటే మీదేనండీ అని అందరూ మెచ్చుకున్నారు. మాస్టరు ఒక్కదానికీ నవ్వలేదు.

అందరూ వెళ్ళాక కూతురు వచ్చి స్టూలు మీద కూర్చుని, భుజం మీది జడ పక్కకు తీసింది. మాస్టరు వేలితో తడిమాడు. ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. కుట్టు దొరకలేదు.

"లోపల గుడ్డ వదిలావు కదా నాన్నా?"

"నీది శ్రద్ధగా కుట్టానమ్మా."

తల్లి వెళ్ళి కట్‌పీసుల సంచి తెచ్చి నేల మీద బోర్లించింది. అందులో ఈమధ్యవే ఉన్నాయి. పాతవి దిండ్లు కుట్టేవాడు ఎప్పుడో పట్టుకుపోయాడు. ఆ భుజం ముక్క ఎవరి తలకింద ఉందో.

మళ్ళీ కొత్త గుడ్డలు రావటం మొదలైంది. టేపు కూతురి భుజం మీద వేస్తే జారిపోయేది. మెడలో వేసుకోవటం అలవాటు చేసుకుంది. మాస్టరు ఎంచి ఎంచి ఒక నీలంగుడ్డ తీసి ఆమెకు చొక్కా కుట్టాడు. కొలత తీసుకోలేదు. ఆ చేతికి ఆ పిల్ల కొలత ఎప్పుడు అడగాల్సొచ్చింది గనక.

తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. కుడి భుజం దగ్గర చొక్కా వేలెడు ఎత్తున ఖాళీగా లేచి నిలబడింది. మాస్టరు చూశాడు. సుద్ద కోసం అటూ ఇటూ వెతికాడు. కూతురు ఆయన చెవి మీదనుంచి సుద్ద తీసింది కానీ చేతికివ్వలేదు.

"ఉండనీ నాన్నా. చొక్కాకైనా వదిలావు."