దించి ఎత్తుకున్న పాట

డబ్బాలో పటికబెల్లం లేదని పొద్దున్నే నౌపడలోని ఆ ఇంట్లో గొడవ మొదలైంది. గొంతు కోసమని లీలారాణి దాచుకున్న పలుకులవి. పంచదార అయిపోతే, ఆమె భర్త ఎలీషా వాటిని చితక్కొట్టి టీలో వేసేశాడు.

“నా డబ్బా మీకెందుకండీ?” అంది లీలారాణి.

“టీ తియ్యగా ఉన్నాదా లేదా, అది సెప్పు,” అన్నాడాయన గ్లాసు దించకుండా.

కోడలు షాలిని నవ్వాపుకోలేకపోయింది. అత్తకి ఆ నవ్వు గుచ్చుకుంది. పటికబెల్లానికి అంత కోపం అక్కర్లేదని ఆమెకీ తెలుసు. అసలు బాధ వేరే.

వచ్చే ఆదివారమే ఈస్టర్. తెల్లవారుజామున వాళ్ళ బాప్టిస్టు సంఘమంతా సమాధుల తోటకి వెళ్తుంది. అక్కడ కీబోర్డూ డోలక్కూ ఉండవు. ఒక్క మనిషి పాట ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. పెళ్ళై వచ్చిన ఏడాది నుంచీ ఎత్తుకునేది లీలారాణే. ఇరవై రెండేళ్ళప్పుడు ఏ శ్రుతిలో మొదలుపెట్టిందో, యాభై ఎనిమిదిలోనూ అక్కడే మొదలుపెడుతోంది. మొన్న, ఈస్టర్‌కి ముందరి మట్టల ఆదివారం ప్రాక్టీసులో, పాట పైకి పోయేచోట ఆమె గొంతు చీలింది. వెనక ఎవరూ అందుకోలేదు. షాలిని మాత్రం సన్నగా ఆ ముక్క పట్టుకుని ఒడ్డుకు చేర్చింది. కోడలు గట్టిదేనని ఎవరో మెచ్చుకున్నారు. తన పాట ఇక అయిపోయిందేమోనని అప్పటినుంచి లీలారాణికి ఒకటే దిగులు.

సాయంత్రం ఎండ చల్లబడ్డాక ఆమె ఉప్పు మళ్ళ వైపు నడిచింది. గాలి లేదు. నీళ్ళ మీద ఆకాశం పడుకుని ఉంది. గట్టు మీద నడుస్తుంటే మబ్బుల మధ్య దారి తీసుకున్నట్టుంది. దూరంగా ఆడవాళ్ళు పొడుగాటి పలక కర్రలతో ఉప్పు లాగి కుప్పలు పోస్తున్నారు. తెల్లటి కుప్పలు పడమటి వెలుగుకి గులాబీ రంగు తిరిగాయి. రైలొకటి పోయింది. దాని చప్పుడు కూడా నీళ్ళలో కరిగిపోయింది.

ఎవరూ వినరన్న ధైర్యంతో, గొంతు ఎక్కడుంటే అక్కడి నుంచే పాట ఎత్తుకుంది. కింది శ్రుతిలో అంత చోటుందని ఆమెకి ఇన్నాళ్ళూ తెలీదు. పాట తొందరపడలేదు. మాటలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. వయసులో పైకి ఎగరడమే చూసుకుంది గాని, యేసు ఖాళీ సమాధి ముందు నిలబడ్డ ఆడవాళ్ళ వణుకు ఆ పాటలో ఉందని గమనించలేదు. అప్పట్లో ఊరి సమాధుల తోటలో తనవాళ్ళెవరూ లేరు. ఇప్పుడు అత్త ఉంది, అన్న ఉన్నాడు, నడక రాకుండానే పోయిన కూతురుంది. పాడుతుంటే ముగ్గురూ పక్కనే కూర్చుని వింటున్నట్టనిపించింది.

రెండో చరణానికి పాట నిండుగా వినబడింది. ఆ నిండుతనం తన ఒక్కదానిది కాదు. ఉప్పు లాగే ఆడవాళ్ళు, మాటలు రాకపోయినా, రాగం పట్టుకుని కూనిరాగం తీస్తున్నారు. చేతుల్లోని కర్రలు ఆ తూగుకే ముందుకీ వెనక్కీ కదులుతున్నాయి. లీలారాణి ఆశ్చర్యపోయి ఆగిపోయింది.

“ఏటమ్మా, ఆపీసినావు?” అని కేకేసింది వాళ్ళలో లక్ష్మణమ్మ. “పాడు. సేతులు బాగా నడస్తన్నాయి.”

ఇన్నేళ్ళలో ఆమె పాట విని మెచ్చుకున్నవాళ్ళే గాని, కలిసి పాడినవాళ్ళు తక్కువ. అంత పైన మొదలుపెడితే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? నవ్వొచ్చింది. సిగ్గు రాకపోవడమే వింతగా తోచింది. ఇదే నలభై ఏళ్ళ వయసులో తెలిసుంటే వారం రోజులు ఎవరితోనూ మాట్లాడేది కాదు.

కుప్పల రంగు పోయేదాకా పాడుతూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి డబ్బా పక్కన కొత్త పటికబెల్లం పొట్లం ఉంది. ఎలీషా ఏమీ ఎరగనట్టు భోజనానికి కూర్చున్నాడు. ఆయనకీ షాలినికీ నెత్తళ్ళ చేపల పులుసు వడ్డించి, తనూ కూర్చుంది లీలారాణి.

“ఈస్టర్ పాట నేనే ఎత్తుతాను,” అంది.

షాలిని పళ్ళెంలోకి చూస్తూ తలూపింది.

“ఈసారి దించి ఎత్తుతాను. అందరికీ అందాల. పైకెళ్ళే ముక్క దగ్గర నేనాగుతాను, నువ్వు పాడాల. పాస్టర్‌గారికి రేపు నేనే సెప్తాను.”

“మరి నువ్వో, అత్తా?”

“నేను కిందే ఉంటాను. అక్కడ బాగున్నాది,” అంటూ లీలారాణి పులుసు గిన్నె కోడలి వైపు జరిపింది. “ఏమండీ, ఆ పటికబెల్లం టీలోకి వాడుకోండి.”