లోపలున్నవా, బయటున్నవా

"పుష్పా, ఇయ్యాల లోపలున్నవా, బయటున్నవా?"

మా అత్తయ్య జయమ్మ పొద్దున్నే నాతో అనే మొదటి మాట ఇదే. నేను వాకిట్లో వంగి ఊడుస్తున్నా, బిందె ఎత్తుకుంటున్నా, పక్కింటివాళ్ళు పిట్టగోడ అవతల నిలబడి వింటున్నా సరే, అడగాల్సిందే. బయట అంటే నెలసరి. లోపల అంటే మిగతా నెలంతా పొయ్యి ముందు. కోదాడలో మా అమ్మ కూడా ఆ మూడు రోజులూ దూరంగానే కూర్చోబెట్టేది గానీ, ఇలా రోజూ హాజరు వేసుకునేది కాదు. సూర్యాపేటకు కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఆ ప్రశ్నకు ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైంది. "లోపలే ఉన్నానత్తయ్యా" అంటే, "అబ్బ, ఏం కల్దార్ మాటలే నీయి" అని నవ్వేది. ఒకప్పుడు మా కోదాడ అవతల ఇంగ్లీషువాళ్ళ రూపాయి చెల్లేదట, దాన్ని కల్దార్ అనేవాళ్ళు. ఇవతల నిజాం రూపాయి, అది హాలీ. నా మాటలో ఆంధ్రా యాస ఉందని అత్తయ్య ఎత్తిపొడుపు.

బయట ఉన్న మూడు రోజులు వెనక వసారాలో గోనెపట్టా మీద కూర్చోవాలి. ఆడవాళ్ళకు ఆ మాత్రం విశ్రాంతి అయినా దొరుకుతుందని ఎవరో పత్రికలో రాస్తే చదివి నవ్వుకున్నాను. ఖాళీగా ఉన్న చేతుల్ని చూస్తే మా అత్తయ్యకు నిద్ర పట్టదు. "ఒళ్ళు బయటుంటే ఉండనీ, చేతులకేమయింది?" అంది. మా మామ వెంకటనర్సయ్యకు వెండి దుకాణం. తండాలవాళ్ళు, ఊళ్ళవాళ్ళు పాత రూపాయలు తెచ్చి వేస్తారు. కరిగించే ముందు హాలీ వేరు, కల్దార్ వేరు చెయ్యాలి. హాలీలో వెండి పాలు తక్కువ. ఆ పని చెయ్యడానికి ఇంట్లో ఎవరికీ ఓపిక లేదు. "వెండికి అంటు లేదు" అని అత్తయ్య ఒక రోజు తేల్చేసింది. అది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. "నేను బయటున్న దినాలు గోనెసంచులు కుట్టిన. నీకు వెండి దొరికింది, నీ నసీబు మంచిది" అని కూడా అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఎంతో, అసూయ ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను. నాలుగో రోజు నేను తలంటుకున్నాక మామ ఆ రూపాయల మీద పసుపునీళ్ళు చల్లి దుకాణానికి తీసుకుపోయేవాడు.

అట్లా నా చదువు మొదలైంది. హాలీ రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. దాని గుమ్మంలో ఒక ఉర్దూ అక్షరం. నాకు ఉర్దూ రాదు. కానీ మూడు రోజులు వసారాలో కూర్చుని గుమ్మం వైపే చూసే మనిషికి ఆ గుమ్మం మీద పడకుండా కన్ను ఎక్కడికి పోతుంది? కొన్నిటిలో ఆ అక్షరం సగమే కనిపించేది, ఎవరో తలుపు చాటున నిలబడినట్టు. వాటికి తొంగిచూసేవి అని పేరు పెట్టుకున్నాను. కొన్నిటిలో నిండుగా కనిపించేది. అవి గడప దాటినవి. తొంగిచూసేవి అరుదుగా దొరికేవి. దొరికితే పక్కన పెట్టేదాన్ని. వాటిని కరిగించబుద్ధి కాలేదు, అంతే.

మా ఆయన పాండురంగం ఒకసారి వాటిలో ఒకటి హైదరాబాద్ తీసుకుపోయి చూపించాడు. వెండి ధర కన్నా బాగా ఎక్కువ పలికిందట. ఇక ఆయన నాణేల పాండురంగం అయిపోయాడు. బజార్లో అందరూ అట్లాగే పిలిచేవాళ్ళు. నేను బయట ఉన్నప్పుడు వసారా గడప మీద నిలబడి, నా చెయ్యి తగలకుండా పైనుంచి నా అరచేతిలోకి రూపాయి జారవిడిచేవాడు.

"గిదేందే?"

"తొంగిచూసేది."

"మంచిదేనా?"

"మంచిదే."

ఇంత మాత్రమే మా మాటలు. ఆయన చెడ్డవాడైతే నాకు ఇంత తికమక ఉండేది కాదు. గొంతెత్తి మాట్లాడడు, తాగడు, నాకు జ్వరమొస్తే గంజి తనే వార్చి వసారా దాకా తెచ్చి పెడతాడు. పెట్టి, గిన్నెను కాలితో నా వైపు తోస్తాడు.

ఆత్మకూరు పక్క తండా నుంచి జమ్లీ వచ్చేది, పాత రూపాయలు కొంగున కట్టుకుని. ఆమెను ఇంట్లోకి రానివ్వరు కాబట్టి ఆమె కూడా వెనక వసారాకే వచ్చేది. మొదటిసారి నన్నక్కడ చూసి, ఇంత మంచింటి కోడలు గోనెపట్టా మీద ఎందుకు కూర్చుందని అడిగింది. చెప్పాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

"మంచిగున్నది. నువ్వు మూడు దినాలు బయట. నేను ఎప్పుడూ బయటనే" అంది.

ఆమె నన్ను చూసి జాలిపడిందో, వెక్కిరించిందో. ఆమె పోయాక ఆ రోజు రూపాయలు రెండుసార్లు తప్పు లెక్కపెట్టాను.

తర్వాత నేను అబద్ధం మొదలుపెట్టాను. మూడు రోజుల్ని నాలుగు చేశాను, ఐదు చేశాను. తర్వాత నెల మధ్యలో కూడా బయట చేరానని చెప్పేదాన్ని. రూపాయలు ముందేసుకుని చూసే ఆ పని కోసమా, పొయ్యి తప్పించుకోవడానికా అంటే రెండూ. ఏది ఎంత అని విడదీయడం మాత్రం నాకు రాలేదు. అత్తయ్య నిజంగానే పరేషాన్ అయింది. "గిట్ల ఊకూకె బయటుంటే కడుపెట్ల పండుతది" అని దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ నీరసం అని ఎర్రమందు రాసింది. అది చాలదని అత్తయ్య తానే ఏవో ఆకులు నూరి కషాయం కాచి, రోజూ పొద్దున నా ముందు నిలబడి తాగించేది. లేని రోగానికి అంత చేదు తాగుతూ, ఇది ఎవరికి పడిన శిక్ష అనుకునేదాన్ని. ఆమె ముఖంలో నిజమైన దిగులు కనిపిస్తే నా మీద నాకే కోపమొచ్చేది. ఆ వెంటనే, ఒక చిన్న పని కోసం నా ఒంటిని నేనే రోగిష్టిది చేసుకోవాల్సి వచ్చింది కదా అని ఇంకోరకం కోపం.

అట్లా ఉండగా మిర్యాలగూడలో నాణేల ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. అది పందొమ్మిది వందల తొంభై ఒకటో, తొంభై రెండో. చుట్టుపక్కల జిల్లాల నుంచి నాణేల వ్యాపారులు వచ్చి టేబుళ్ళు వేసుకుంటారట, అమ్ముకుంటారట, కొనుక్కుంటారట. మా ఆయన టేబుల్ తీసుకున్నాడు. తీరా తీసుకున్నాక ఆయనకు భయమేసింది. ఎవరైనా ఏదైనా అడిగితే గడప మీద నిలబడి నా వైపు చూడ్డానికి అక్కడ వసారా ఉండదు కదా. "నువ్వు పక్కన కూసో, సాలు. మాట్లాడేది నేను మాట్లాడుత" అన్నాడు. నేను సరేనన్నాను. నాకు కావలసింది ఒక్కటే. ఆ టేబుల్ దగ్గర ఎవరైనా ఒక్కరు నా ముఖం చూసి, నా పేరు అడిగి, నాణెం గురించి నన్ను అడగాలి. అది జరిగితే నేను ఎవరో నాకు తెలుస్తుందనిపించింది.

బయలుదేరాల్సిన పొద్దున నిజంగానే బయట చేరాను.

బావి దగ్గర నిలబడిపోయాను. పొత్తికడుపులో నొప్పి, కాళ్ళలో గుంజుడు. ఇన్నాళ్ళు లేనిది ఉందని చెప్పాను, ఇవాళ ఉన్నది లేదని చెప్పాలా? అరువు తెచ్చుకున్న రోజుల బాకీ తీర్చమన్నట్టు సరిగ్గా ఇవాళే రావాలా? అత్తయ్య కషాయం గ్లాసుతో వచ్చింది.

"లోపలున్నవా, బయటున్నవా?"

"లోపలే ఉన్నానత్తయ్యా."

ఆమె తృప్తిగా నా తల నిమిరింది. నన్ను ఆ రోజుల్లో ఎవరైనా తాకడం అదే మొదలు, పాపం ఆమెకు తెలియకుండానే.

మిర్యాలగూడలో మిల్లులవాళ్ళ కళ్యాణమండపం. బయట వడ్ల లారీలు, లోపల పెళ్ళికి వేసినట్టు వరసగా టేబుళ్ళు, వాటి మీద ఎర్రగుడ్డలు. మా టేబుల్ మీద అట్టముక్క, "పాండురంగం, సూర్యాపేట". దాన్ని నేనే నిటారుగా నిలబెట్టాను. నాణేలు నేనే పేర్చాను. వచ్చినవాళ్ళంతా నా చేతులు చూసి, ఆయన ముఖం చూసి మాట్లాడారు. "సార్, ఇది ఎట్ల?" "సార్, ఇది ఏ కాలందీ?" సార్ నా వైపు తిరిగేవాడు, నేను మెల్లగా చెప్పేదాన్ని, ఆయన అదే గట్టిగా చెప్పేవాడు. ఒకాయన "మేడం, జర మంచినీళ్ళు" అన్నాడు. లేచి తెచ్చిచ్చాను. ఇచ్చాక గానీ, నేనెందుకు తెచ్చానో తోచలేదు. పైగా గుడ్డ తడిసిందేమోనని లేచిన ప్రతిసారీ కుర్చీ వైపు చూసుకోవడం.

పక్క టేబుళ్ళ మాటలు కూడా నాకు అర్థం కాలేదు. "హాఫ్ ఐన్ ఉందా? ఫుల్ ఐన్ వద్దు" అంటున్నారు. సగం అయిన రూపాయేమిటి, పూర్తిగా అయిన రూపాయేమిటి? నాకు తెలిసిందంతా తప్పేమో, వసారాలో కూర్చుని పిల్లలు బొమ్మలకు పేర్లు పెట్టుకున్నట్టు పెట్టుకున్నానేమో అనిపించింది.

మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద వ్యాపారి మా టేబుల్ దగ్గర ఆగాడు. తెల్లగడ్డం, చేతిలో భూతద్దం. అందరూ ఆయన్ని సాబ్ అంటున్నారు. ఈ ప్రదర్శన పెట్టించిందీ ఆయనే. ఒక రూపాయి తీసి చూసి, "అక్షరాలల్ల ఈ పసుపేంది?" అన్నాడు.

"పూజల పెట్టినం సాబ్" అన్నాడు మా ఆయన ఠక్కున. నేను తల వంచుకున్నాను.

"హాఫ్ ఐన్ ఏది వీటిల్ల?"

మా ఆయన టేబుల్ అంతా కలియజూశాడు. చేతికందిన రూపాయి తీసి, అలవాటు చొప్పున, పైనుంచి నా అరచేతిలోకి జారవిడిచాడు. అంతమందిలో. నేను బయట ఉన్నానని ఆయనకు తెలియదు. తెలియకపోయినా ఆ చెయ్యి అంతే ఎత్తులో ఆగింది. నాణెం అడగడమంటే ఆయన చేతికి అదొక్కటే తెలుసు. సాబ్ చూశాడు. ఏమనుకున్నాడో గానీ, తన చేతిలో ఉన్న రూపాయిని నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు మూసి, "నువ్వు చెప్పు బేటీ" అన్నాడు.

వేళ్ళు తెరిచి చూశాను. సాబ్ పెట్టినదాంట్లో అక్షరం సగమే ఉంది.

"ఇది తొంగిచూసేది" అన్నాను. నోరు జారింది. "అంటే... గుమ్మంలో అక్షరం చాటుగా ఉంది. ఈ రెండోది గడప దాటినది."

సాబ్ గడ్డం నిమురుకుంటూ మెల్లగా నవ్వాడు. "బతుకంత నాణేలే జూసిన మా నాయినకు కూడ గింత మంచి పేరు తట్టలే. ఐన్ అంటే ఆ అక్షరమే బేటీ. ఏడ నేర్చుకున్నవ్?"

ఇన్నాళ్ళు నేను ఎదురుచూసింది ఆ ప్రశ్న కోసమే. వచ్చాక దానికి ఒక్క జవాబే ఉందని తెలిసింది.

"బయటున్నప్పుడు" అన్నాను.

"బయట అంటే? బొంబాయిలనా?"

మా ఆయన ముఖం కందిపోయింది. "వాళ్ళ నాయిన దగ్గర సాబ్, కోదాడల" అన్నాడు గబగబా. మా నాన్న కోదాడలో కిరాణా కొట్టు తప్ప ఇంకేమీ ఎరుగడు. వసారా, గోనెపట్టా, జమ్లీ నవ్వు, నేను తాగిన కషాయం, అన్నీ కలిపి ఒక్క మాటతో మా నాన్నకిచ్చేశాడు. ఇచ్చి, టీ తాగొస్తానని బయటికి పోయాడు.

సాబ్ అక్కడే ఉన్నాడు. దీపావళి దాటాక కోదాడలో ఇంకో ప్రదర్శన ఉందనీ, మంచి చోట టేబుల్ ఇస్తాననీ అన్నాడు. "ఏ పేరు రాసుకోవాలె?" అని జేబులోంచి పెన్ను తీశాడు. మా ఆయన వచ్చాక అడగండి అనబోయాను. నోట్లోంచి ఆ మాట రాలేదు. వేరే మాట వచ్చింది. ఆయన రాసుకున్నాడు.

తిరుగు బస్సులో మా ఆయన టికెట్లు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత కిటికీ వైపు చూస్తూ, "నలుగుర్ల గా మాట అంటరా? నా ఇజ్జత్ ఏం గావాలె?" అన్నాడు.

"ఆయనకు బొంబాయి అనిపించింది కదండీ."

"నాకు తెల్వదా నువ్వేమన్నవో."

"ఇవాళ కూడా బయటే ఉన్నాను" అన్నాను.

ఆయన తన చేతులు చూసుకున్నాడు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే డబ్బాలో పులిహోర తిన్నాం. భుజం భుజం తగిలేలా కూర్చున్నాం. ఏమీ కాలేదని తెలుస్తోంది, కానీ ఏదో కావాలి కదా అన్నట్టు ఆయన ముఖం. "అమ్మకు చెప్పకు" అన్నాడు చివరికి. నేరేడుచర్లలో ఒక ముసలమ్మ గంప ఎత్తుకుని ఎక్కింది. ఆయన లేచి ఆమెకు సీటిచ్చాడు. ముసలమ్మ మీద దయతో లేచాడో, నా పక్కనుంచి తప్పించుకోవడానికి లేచాడో, సూర్యాపేట దాకా ఆయన వీపు చూస్తూ ఆలోచించినా నాకు తేలలేదు.

ఇంటికి చేరేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఉంది. మా ఆయన కాళ్ళు కడుక్కుంటూ, అంతా మంచిగ అయిందని, దీపావళి దాటాక కోదాడలో మళ్ళీ పెడుతున్నారని టీకొట్టు దగ్గర విన్నానని, ఈసారి పెద్ద టేబుల్ తీసుకోవాలని చెబుతున్నాడు. ఆమెకు సంతోషమైంది. అంతలోనే వేళ్ళ కణుపుల మీద ఏదో లెక్క వేసుకుని నా వైపు తిరిగింది.

"మరి ఆ దినం వరకు లెక్క జూసుకున్నవా పుష్పా? గప్పుడు లోపలుంటవా, బయటుంటవా?"

"బయటే ఉంటానత్తయ్యా" అన్నాను. "టేబుల్ నా పేరు మీద ఉంది."