మిట్టమధ్యాహ్నం పడుగు

కొండూరిగూడెంలో నేతవాళ్ళ ఇళ్ళకూ, వాటి వెనక ఉన్న పత్తి చెలకకూ మధ్య పొడుగాటి జాగా ఒకటి ఉంది. పొడవు ఎనభై గజాలు, వెడల్పు పదిహేను. అందులో చెట్టు లేదు, గడ్డి కూడా మొలవదు. నలభై ఇళ్ళవాళ్ళు తొక్కి తొక్కి నేల గచ్చులా గట్టిపడింది. రోజూ తెల్లవారకముందే ఎవరో ఒకరు అక్కడ పడుగు చాపుతారు. ఈ చివర గుంజ నుంచి ఆ చివర గుంజకు నిలువు దారాలన్నీ బిగించి, గంజి పట్టించి, ఇటిద్దరు అటిద్దరు నిలబడి కుంచెలతో దువ్వుకుంటూ పోతారు. అట్లా దువ్వితేనే దారానికి దారం అంటుకోకుండా ఆరుతుంది. ఎండ ముదిరితే ఈ పని సాగదు. గంజి కుంచె కిందనే ఎండి, దారం పెళుసెక్కి తెగిపోతుంది. అందుకే ఎనిమిది అయ్యేసరికి పడుగు చుట్టుకుని, గుంజలు పీక్కుని ఇళ్ళకు పోతారు. ఆ తర్వాత చూసినవాడికి అది వట్టి ఖాళీ జాగా.

చైత్రమాసంలో ఒక తెల్లవారుజామున సిద్దిరాములు గుంజ పాతబోతే గుంత దొరకలేదు. గుంత ఉండాల్సిన చోట సిమెంటు రాయి పాతి ఉంది. రాయి మీద పసుపు రంగు, నల్లటి అంకె: నాలుగు. సిద్దిరాములు చేతిలోని గుంజను కింద పెట్టి జాగా ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచి చూశాడు. ఒకటి నుంచి ఆరు దాకా ఉన్నాయి. వెనక్కి వచ్చి, రాయికి జానెడు పక్కన కొత్త గుంత తవ్వి, పడుగు చాపి, పని ముగించాకే ఎవరితోనైనా మాట్లాడాడు. అతని పద్ధతి అది. యాభై నాలుగేళ్ళ మనిషి. అతని నోట రోజుకు పది మాటలు వచ్చాయంటే ఇంట్లోవాళ్ళు ఏమైందని అడుగుతారు.

అతని అన్న కూతురు సింధూజ మర్రిగూడలో మీసేవ కేంద్రంలో పనిచేస్తుంది. సాయంత్రం బస్సు దిగి వచ్చి, సంగతి విని, ఫోను తీసింది. పత్తి చెలకను కమలాకర్ అనే వ్యాపారి కొని వెంచరు వేశాడని ఊరందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ ప్లాట్లను హైదరాబాదు కంపెనీ ఒకటి ఫోన్లోనే అమ్ముతోంది. కంపెనీ పేరు హద్దుచూపు. పైనుంచి డ్రోన్‌తో ఫొటో తీస్తారు, దాని మీద గీతలు గీస్తారు, దుబాయిలో ఉన్నవాడు కూడా వేలితో తాకి ప్లాటు పట్టుకోవచ్చు. సింధూజ ఫొటోను పెద్దది చేసి చూపింది. నేతవాళ్ళ ఇళ్ళ వెనకగోడల దాకా చెలకే అన్నట్టు గీత వచ్చింది. పడుగు జాగాలో ఆరు డబ్బాలు, ఒక్కో డబ్బా ఒక ప్లాటు.

ఆ కంపెనీ పెట్టిన కృష్ణకాంత్ గురించి వచ్చిన వార్తలు కూడా ఆమె చదివి వినిపించింది. కొత్తకోటలో ట్రాక్టర్ల మరమ్మతు షెడ్డులో పెరిగాడట. ఈ ఏడాది స్థిరాస్తి రంగంలో పేరు తెచ్చుకున్న పదిమంది కుర్రాళ్ళలో మొదటివాడట. ఒక ఇంటర్వ్యూలో అన్న మాటను పెద్ద అక్షరాల్లో వేశారు: హద్దు దగ్గర మనిషి అబద్ధమాడతాడు, మా ఫొటో ఆడదు.

"గా ఫొటో ఎన్ని గంటలకు తీసిండ్రు?" అన్నాడు సిద్దిరాములు.

సింధూజ అడుగున ఉన్న సన్న అక్షరాలు చూసింది. పన్నెండూ పది.

మర్నాడు నేతవాడ పెద్దలంతా తహసీలు ఆఫీసుకు పోయారు. అది ఊరుమ్మడి నేల, ఎవరి పట్టా కాదు, ఆ మాట ఆఫీసులో కూడా ఒప్పుకున్నారు. కానీ పాత నక్షాలో, అంటే సర్కారు గీసిన ఊరి పటంలో, ఊరంతా ఒకే చుట్టుగీత. లోపల ఏది ఇల్లో, ఏది బాటో, ఏది పడుగు జాగానో రాసి లేదు. దరఖాస్తు పెట్టండి, సర్వేకు వరుస ఉంది అన్నారు. ఈలోపు ప్లాట్లు అమ్ముడుపోతే ఎట్లా అని అడిగితే దరఖాస్తు ఫారం చేతికిచ్చారు.

సింధూజ ఫోన్లోనే అభ్యంతరం పెట్టింది. పొద్దున ఐదున్నరకు పడుగు మీద నలుగురు దువ్వుతున్న ఫొటో తీసి పంపింది. మూడు రోజులకు జవాబు వచ్చింది. చీకట్లో తీసిన ఫొటో చెల్లదు, మా మనిషి వచ్చి చూస్తాడు అని. ఆ మనిషి వచ్చాడు, మధ్యాహ్నం. డ్రోన్ లేపాడు, దించాడు, పోయాడు. రెండో జవాబు: జాగా ఖాళీగా ఉంది, వాడకంలో లేదు.

సింధూజ మళ్ళీ అభ్యంతరం పెట్టింది. ఈసారి ఆ మనిషి ఎప్పుడొస్తాడా అని సిద్దిరాములు కాపు కాశాడు. పేరు శ్రవణ్‌కుమార్, ఊరు హాలియా. నెత్తికి టవలు చుట్టుకుని డ్రోన్ రెక్కలు తుడుస్తున్నాడు. సిద్దిరాములు ఇంట్లోంచి చల్ల తెచ్చి ఇచ్చి, అతను తాగేదాకా పక్కన నిలబడ్డాడు.

"పొద్దుగాల రారాదు నువ్వు?"

"రావద్దు కాకా. పదకొండు నుంచి ఒంటిగంట నడుమనే ఎగరెయ్యాలె. నెత్తి మీద ఎండ ఉంటెనే నీడలు పడవు. నీడ పడితె గీత తప్పుతది. కంపెనీ రూలు."

"మా పని ఎనిమిదికే అయిపోతది."

శ్రవణ్‌కుమార్ గ్లాసు తిరిగి ఇస్తూ ఆ జాగా వైపు చూశాడు. అతనికి అర్థమైంది. అర్థమైనా చేతిలో ఏమీ లేదని ముఖమే చెప్పింది. ఇంకొక మాట మాత్రం చెప్పాడు. వచ్చే గురువారం కృష్ణకాంత్ సారే వస్తున్నాడు. అంగుళం తేడా లేకుండా కొలిచిన మొదటి ఊరు ఇదని ఒక వార్తా ఛానెల్‌వాళ్ళను తీసుకొచ్చి, వాళ్ళ ముందు డ్రోన్ ఎగరేయిస్తాడు. అదే మూడో చూపు, చివరిది. దాంతో అభ్యంతరం మూసేస్తారు.

"ఎన్ని గంటలకు?"

"పన్నెండుకు."

ఆ రాత్రి అన్నం తిన్నాక సిద్దిరాములు భార్య సుభద్రమ్మకు తన ఆలోచన చెప్పాడు. గురువారం పన్నెండుకు పడుగు చాపుతానన్నాడు. ఆమె గిన్నెలు సర్దుతున్న చేతులు ఆగాయి. పన్నెండేళ్ళ వయసు నుంచి కుంచె పట్టిన మనిషి ఆమె. ఇంట్లో ఉన్నది ఒకటే పడుగు, రంగులద్ది సిద్ధంగా ఉంది, ఏడు చీరలది. నెలన్నర తిండి అదే.

"కాలిపోతది," అన్నది.

"తెలుసు."

"ఉత్త దారాలు కట్టి చూపియ్యరాదు? గంజి ఎందుకు?"

"దువ్వకపోతె ఆట అంటరు. దువ్వాలె."

సుభద్రమ్మ గిన్నెలు పక్కకు జరిపి కూచుంది. తర్వాత, అతనితో కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు లెక్క మొదలుపెట్టింది. గంజి సగం పల్చన చేయాలి. నూనె చుక్క ఎక్కువ వేయాలి. నలుగురు చాలరు, పన్నెండు మంది ఉండాలి, కుంచె పోయిన చోటికి వెంటనే ఇంకో కుంచె రావాలి. తడి ఆరకుండా పైనుంచి నీళ్ళు పడుతుండాలి, కానీ చినుకుల్లా పడితే గంజి కొట్టుకుపోతుంది, మంచులాగా పడాలి. ఆ నీళ్ళు ఎట్లా అన్నదగ్గర ఆమె ఆగిపోయింది.

దానికి దారి చూపింది ఇస్రాయేలు. వాగు అవతలి వాడలో ఉంటాడు, రెండెకరాల్లో పత్తి వేస్తాడు, ఆదివారం చర్చిలో డప్పు కొడతాడు. పత్తికి మందు కొట్టే బ్యాటరీ పంపు అతని దగ్గర ఉంది. సిద్దిరాములు అడగడానికి పోతే పాత పంపైతే మందు వాసన దారానికి పడుతుందని ఇస్రాయేలే అని, చండూరు పోయి కొత్త డబ్బా, కొత్త పైపు, అన్నిటికన్నా సన్నటి నాజిల్ కొనుక్కొచ్చాడు. ఎందుకింత శ్రమ అంటే, చెలక గీత ఇట్లా జరిగినప్పుడు రేపు మా సమాధుల జాగా మీదికి జరగదా అన్నాడు. "మావాళ్ళు గూడ పగటిపూట లేచి కనబడరు గద సిద్దిరాములన్నా," అని నవ్వాడు.

గురువారం పదకొండున్నరకు నేతవాడ మగ్గాలన్నీ ఆగాయి. సిద్దిరాములు గుంజలు పాతాడు. ఎర్రదీ నల్లదీ కలిసిన పడుగు ఎనభై గజాల జాగాలో నడిమధ్య సాగి నిలబడింది. సుభద్రమ్మ గంజి వేలితో పట్టి చూసి ఇంకొక చెంబు నీళ్ళు పోయించింది. ఆరుగురు ఇటు, ఆరుగురు అటు. ఇస్రాయేలు పంపు వీపుకు తగిలించుకుని మిషన్ భగీరథ నల్లా నీళ్ళు నింపుకున్నాడు.

పావు తక్కువ పన్నెండుకు మూడు కార్లు వచ్చాయి. మొదటి దాంట్లోంచి కృష్ణకాంత్ దిగాడు. వార్తల్లో ఉన్నంత ఎత్తు లేడు, ముప్పై దాటి ఉంటాయి. వెనక ఛానెల్ అమ్మాయి దీప్తి, కెమెరా మనిషి. శ్రవణ్‌కుమార్ డ్రోన్ పెట్టె తీసి, ఎదుట ఉన్నది చూసి, మళ్ళీ పెట్టె మూయబోయాడు. కృష్ణకాంత్ వద్దన్నాడు. పడుగు దగ్గరికి వచ్చి పెద్దాయనా అని మర్యాదగానే పిలిచి, పది నిమిషాలు ఇది తీస్తే తమ పని అయిపోతుందని, ఆ తర్వాత ఎంతసేపైనా చేసుకోవచ్చని అన్నాడు.

సిద్దిరాములు కుంచె ఆపలేదు. "గంజి పట్టినంక తియ్యరాదు."

దీప్తి కెమెరాను ఇటు తిప్పమని సైగ చేసింది. కృష్ణకాంత్ అది చూశాడు. ఎగరేయమన్నాడు.

డ్రోన్ పైకి లేచింది. కింద పన్నెండు మంది దువ్వుతూనే ఉన్నారు. ఎండ పడుగు మీద నిట్టనిలువున పడుతోంది. నడిమి భాగంలో గంజి బిగుసుకోవడం మొదలైంది, కుంచె కింద చిటచిటమని దారాలు తెగుతున్నాయి. సుభద్రమ్మ నోట్లో దారం ముక్కలు పట్టుకుని తెగినచోట ముడి వేస్తోంది, ఒక ముడి వేసేలోపు ఇంకో రెండు తెగుతున్నాయి. ఇస్రాయేలు పరుగులాంటి నడకతో ఆ కొసకూ ఈ కొసకూ నీటి పొగ కొడుతున్నాడు. సిద్దిరాములు చెమట పడుగు మీద పడకుండా తల పక్కకు వంచి దువ్వుతున్నాడు.

శ్రవణ్‌కుమార్ పలక లాంటి తెరను కృష్ణకాంత్ చేతికిచ్చాడు. దీప్తి కూడా తొంగి చూసింది. ఫొటోలో నీడ లేదు. రెండో డబ్బా నుంచి ఐదో డబ్బా దాకా ఎర్రటి పట్టీ ఒకటి, దాని చుట్టూ మనుషులు.

"ఇది రోజూ ఇక్కడే వేస్తారా?" దీప్తి అడిగింది.

"మా తాతల కాలం సంది," అన్నది సుభద్రమ్మ, నోట్లో దారం తీయకుండానే. "తెల్లారక ముందు. గీ ఎండల ఎవలు ఏస్తరు? మీరు గప్పుడు రారు, అందుకే."

కృష్ణకాంత్ తెగిన దారాల వైపు చూశాడు. అతని ఫోను మోగింది. కమలాకర్ గొంతు పక్కవాళ్ళకు కూడా వినపడింది, ఆరు ప్లాట్లకూ మనుషులున్నారని, వాళ్ళకు ఏం చెప్పాలని. కృష్ణకాంత్ ఫోను కట్టేశాడు. ఈ ఆరింటినీ అమ్మకం ఆపుతామని, కమిటీలో పెట్టి పదిరోజుల్లో తేలుస్తామని సిద్దిరాములుతో చెప్పాడు.

"గీత ఎవలు గీసిండ్రు?"

"మావాళ్ళే."

"జరిపేది ఎవలు?"

కృష్ణకాంత్ చేతిలోని తెర వైపు చూశాడు.

"పడుగు ఇంక అర్ధగంట ఉంటది," అన్నాడు సిద్దిరాములు. "నేను దించేలోపు నువ్వు జరుపు. దించినంక నీకు మళ్ళ ఖాళీగనే కనబడ్తది."

అతని జీవితంలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది అప్పుడేనని తర్వాత సింధూజ చెప్పేది. కృష్ణకాంత్ కెమెరా వైపు చూడలేదు. నుదురు తుడుచుకుని, "టేపు తియ్యి శ్రవణ్," అన్నాడు, కొత్తకోట యాస నోట్లోకి వచ్చేసింది. "గోడకాడి నుంచి పట్టు. గా చెలక గట్టు దాక ఎంతొస్తదో జూడు."

పదిహేను గజాలు వచ్చింది. ఆరు డబ్బాలు ఒకదాని వెంట ఒకటి తెర మీద చెరిగిపోయాయి. గీత చెలక గట్టు మీదికి జరిగింది. సింధూజ తన ఫోన్లో కూడా జరిగిందో లేదో చూసుకుని తల ఊపాక సిద్దిరాములు కుంచె దించాడు.

పడుగు చుట్టి చూస్తే ఏడు చీరల్లో మూడు కూడా దక్కవు. సుభద్రమ్మ చెడిపోయిన దారాన్ని వేరుచేసి లోపలికి తీసుకుపోయింది. మర్నాడు కృష్ణకాంత్ మీద కొత్త వార్త వచ్చింది, నేతన్నల కోసం గీత జరిపిన యువకుడు అని, పడుగు పక్కన నిలబడ్డ ఫొటోతో. సింధూజకు ఒళ్ళు మండింది. సిద్దిరాములు ఆ వార్త చదవమనలేదు. పైనుంచి తీసిన ఫొటోను, తారీఖూ గంటా కనపడేటట్టు, పెద్ద కాగితం మీద అచ్చు వేయించుకు రమ్మన్నాడు.

"ఇగ దేనికి చిన్నాయినా? గీత జరిగింది గద."

"ఫోన్లది రేపు మళ్ళ జరుగుతది. నక్షాల ఎక్కాలె."

సోమవారం పొద్దున పక్కింటివాళ్ళ పడుగు పని ముగించి, ఎనిమిదిన్నర బస్సుకు నల్లగొండ పోయాడు. కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణి వరుస మెట్ల దాకా ఉంది. రెండు గంటలు నిలబడ్డాక అతని వంతు వచ్చింది. గుమస్తా దరఖాస్తు చదివి, కాగితం విప్పి, ఎర్రటి పట్టీ మీద పెన్ను పెట్టాడు.

"ఇదేంది?"

"పడుగు."

గుమస్తా ఫొటో కింద వేసిన సమయం చూశాడు. అతనిది కూడా నేతవాళ్ళ ఇల్లే కావచ్చు, ఆ వేళకు పడుగు వేయరని తెలిసినట్టుంది. "మిట్టమధ్యాహ్నం పడుగు ఏస్తరా ఎవలన్న?"

"ఏసినం," అన్నాడు సిద్దిరాములు.

గుమస్తా అతని ముఖంలోకి ఒకసారి చూసి, ఫొటోను దరఖాస్తుకు పిన్ను కొట్టి, ముద్ర వేసి, సర్వే విభాగం గది ఎటో చూపించాడు. అక్కడా వరుస ఉంది. సిద్దిరాములు పోయి దాని చివర నిలబడ్డాడు.