తూర్పు వాకిలి అమ్మమ్మ

రాతి తలను ఎత్తి మొండెం మీద పెట్టగానే వెంట్రుక దూరే సందు కూడా లేకుండా అతుక్కుంది. గుడి మరమ్మతు చేస్తున్న మేస్త్రీలు చప్పట్లు కొట్టారు. ఆ తలకి ఇన్నాళ్లూ పూజ చేసిన సారూన్ ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ మొండెం మగవాడిది. వెడల్పాటి ఛాతీ, బిగించి కట్టిన పంచె, చేతిలో గద. ఏళ్ల తరబడి పేరుకున్న పౌడరూ లిప్‌స్టిక్కూ కడిగేసరికి పైపెదవి మీద సన్నని మీసం కూడా బయటపడింది.

"ద్వారపాలకుడు! గుడి కట్టించిన రాజు తూర్పు వాకిలికి కాపలా పెట్టాడు. కప్పు కూలినప్పుడు తల విరిగి అడవిలోకి దొర్లిపోయింది," అన్నాడు ఇంజనీరు సంబరంగా.

ఆ తలను పొదల్లో చూసి, ఆడమనిషే అనుకుని, ఊరిని కాచే అమ్మమ్మ అని పేరుపెట్టి, పాక వేసి నిలిపింది సారూన్ వాళ్ల అమ్మమ్మ. ఆమె తర్వాత అమ్మ, అమ్మ తర్వాత సారూన్, ఏటా కొత్త సంవత్సరానికి నీళ్లు పోసి, పౌడరు అద్ది, తమలపాకులు పెట్టేవారు. మగవాళ్లు ఆ పాక గడప తొక్కరు. అందుకే ఊళ్లో ఆడవాళ్లు ఎవరికీ చెప్పుకోలేనివన్నీ, ముందు చాప పరుచుకుని కూర్చుని, ఆ రాతి చెవిలో చెప్పుకునేవారు.

"అయ్యో, నా కడుపు పోయిన సంగతంతా చెప్పేశానే!" సారూన్ పక్కనే ఉన్న నిమోల్ ముఖం కప్పుకుంది.

"నీదేముందే! మా ఆయన రాత్రిళ్లు ఎందుకూ పనికిరాడని ఏడ్చానే, నేనేమైపోవాలి?" అంది ముసలి ఫాన్.

ఎవరూ నవ్వలేదు. సారూన్ ఆ రాతి చెవి వైపు చూసింది. మొగుడు పోయినప్పుడు ఒక్క కన్నీటి చుక్కా రాలేదని మొన్ననే కదా ఆ చెవిలో చెప్పుకుంది!

ఊరి పూజలు జరిపించే ఆచార్ ఫెన్ మగవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. "ఇక నీకు సెలవు చెల్లీ. ఈ తాతకి సారా, సిగరెట్టు మేం చూసుకుంటాం. పాపం, మీసాలాయనకి లిప్‌స్టిక్ పూసి చంపారు ఇన్నాళ్లూ!" సిగరెట్టు ముట్టించి రాతివేళ్ల మధ్య దోపాడు. వెంట వచ్చినవాళ్లు నవ్వారు.

సారూన్ వెళ్లి దాన్ని లాగి కింద పడేసింది.

"మా అందరి గుట్టూ ఈయన దగ్గరుంది అన్నయ్యా. వదిన గుట్టు కూడా. మీకెలా అప్పగిస్తాం?"

ఫెన్ తన భార్య వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది. నవ్వులు ఆగిపోయాయి. మగవాళ్లు ఒక్కొక్కరే వాకిలి దాటి వెళ్లిపోయారు.

"చాప పరుచు నిమోల్," అంది సారూన్.

"ఈయన ముందా అక్కా?"

"ఈయన ముందే."