కనిపించని చెయ్యి

కారకోల్ క్రీడాశాల పైకప్పుకి పన్నెండు దీపాలు. వెలిగేవి నాలుగు. మిగతా ఎనిమిదీ ఎప్పుడు పోయాయో కాపలా ముసలాయనకే గుర్తులేదు. బయట ఫిబ్రవరి మధ్యాహ్నం, మంచు ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. లోపల ఆ నాలుగు దీపాల కింద కారకోల్‌కీ బాలిక్చీ ఊరికీ బాస్కెట్‌బాల్ ఫైనల్ జరుగుతోంది. దాన్ని ఆట అంటే ఆటకే అవమానం. మొదటి పది నిమిషాల్లోనే ఒకడి ముక్కు పగిలింది, ఇంకొకడి పన్ను ఊడి చెక్కనేల మీద దొర్లింది. రిఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడన్న మాటేగాని, ఊదితే తన పళ్ళు ఎక్కడ దొర్లుతాయోనని అతని బెంగ.

జూరకాన్ బుట్ట కింద, గీత అవతల, నేలమీద కూర్చుని ఫోటోలు తీస్తోంది. యాభై రెండేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళుగా ఆ హాల్లో జరిగిన ప్రతి ఆటనీ ఆమె అక్కడే కూర్చుని తీసింది. అందుకే పెళ్ళికొడుకుల దగ్గర్నుంచి పోలీసుల దాకా అందరికీ ఆమె ఎజె. అక్క అన్నమాట.

ఆ వెలుగులో ఆటని ఫోటో తీయడం కొండని తవ్వి ఎలుకని పట్టడమే. ఫ్లాష్ వెయ్యకూడదు, ఆటగాళ్ళ కళ్ళు చెదురుతాయి. ఫ్లాష్ లేకపోతే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరుచుకుని ఉండాలి. అది తెరుచుకున్నంతసేపట్లో ఏది కదిలినా ఫోటోలో అలుక్కుపోతుంది. విసురుగా కదిలే చెయ్యి అసలు చెయ్యిలాగే పడదు, బూడిదరంగు పొగలా మిగులుతుంది. ఎగిరినవాడు పైన ఒక్క రెప్పపాటు నిలుస్తాడు కదా, సరిగ్గా అప్పుడు నొక్కితేనే మనిషి మనిషిలా పడతాడు. ఇన్నేళ్ళలో జూరకాన్ నేర్చిన విద్యంతా ఆ రెప్పపాటు కోసం కాచుకోవడమే.

ఇంకొక అలవాటు కూడా ఉంది. బంతి బయటికి పోయి ఆట ఆగినప్పుడల్లా కెమెరా వెనక తెర చూసుకుని, మసకవి చెరిపేస్తుంది. కన్ను చూసేలోపే బొటనవేలు ఆ పని చేసేస్తుంది. మసక ఫోటో చూపించే ఫోటోగ్రాఫరూ, మాడిన రొట్టె వడ్డించే ఇల్లాలూ ఒకటేనని ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఊరంతా ఆ మాటని ఆమె గొంతుతోనే అనుకరిస్తుంది.

ఆ రోజు ఆమె మనసు కుదురుగా లేదు. కారకోల్ జట్టులో ఆమె కొడుకు ఎర్మెక్ ఉన్నాడు. మంచి ఆటగాడే, కానీ రెండేళ్ళుగా వాడి స్థానంలో కెప్టెన్ కుబాత్ ఆడుతూ ఉంటే వాడు బెంచీ అరగదీస్తున్నాడు. ఇవాళ ఒకడికి మోకాలు పట్టేసి, ఎర్మెక్‌కి లోపలికి వెళ్ళే అవకాశం దొరికింది. ముందు వరసలో తోలు జాకెట్టు వేసుకుని ఒక పెద్దమనిషి కూర్చున్నాడు. రాజధాని క్లబ్బు వాడు. ఒక్క ఆటగాణ్ణి ఎంచుకుని తీసుకుపోవడానికి వచ్చాడు. ఆ ఒక్కడూ కుబాత్ అని పిల్లలకి కూడా తెలుసు. ఎర్మెక్‌కి ఇంకా బాగా తెలుసు. పొద్దున వాడు టీ కూడా ముట్టకుండా బూట్ల తాళ్ళు తెగేలా లాగి కట్టుకోవడం జూరకాన్ చూసింది. ఎదిగిన కొడుకుతో ఏమంటే ఏమవుతుందోనని తల్లులు నోరు కట్టుకునే రోజులు కొన్ని ఉంటాయి.

మూడో భాగంలో బంతి రింగుకి తగిలి పైకి లేచింది. దానికోసం ముగ్గురు ఒకేసారి ఎగిరారు. కుబాత్, ఎర్మెక్, బాలిక్చీ జట్టులో పొడుగాటి కుర్రాడు ఇల్గిజ్. జూరకాన్ నొక్కింది. కెమెరా వరసగా అయిదు ఫోటోలు తీసింది. ఆ టకటకల మధ్యలో పచ్చికట్టె చీలినట్టు ఒక చప్పుడు వినిపించింది.

కుబాత్ నేలమీద పడి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు ధారకట్టింది. కారకోల్ కోచ్ జోల్దోష్ పరిగెత్తుకొచ్చి ఆ చేతులు తప్పించి చూశాడు, చూసి మొహం తిప్పుకున్నాడు. ఎడమకన్ను ఉండాల్సిన చోట కన్ను లేదు.

ఎవడు కొట్టాడన్నది ప్రశ్న. బాలిక్చీవాళ్ళే అని ఆరువందల మంది జనం కేకలు. తనకి కనిపించలేదని రిఫరీ చేతులెత్తేశాడు. మావాడు కాదని బాలిక్చీ కోచ్ గుండెలు బాదుకున్నాడు. రెండు జట్లూ ఒకళ్ళ చొక్కాలు ఒకళ్ళు పట్టుకున్నాయి. అప్పుడు జోల్దోష్ జూరకాన్ వైపు తిరిగాడు.

"ఎజె, నువ్వు కలిస్‌గా చెప్పు."

బాలిక్చీ కోచ్ కూడా సరేనన్నాడు. గొర్రెల తగాదా అయినా గట్టు తగాదా అయినా, ఇద్దరికీ సమానంగా నిలబడి తేల్చేవాణ్ణి అక్కడ కలిస్ అంటారు. వాడి మాటే ఆఖరి మాట. ఒకసారి పేరుపెట్టి అడిగాక కాదనేవాడు ఉండడు, ఆ మాట విన్నాక తిరగబడేవాడూ ఉండడు.

జూరకాన్ తెర చూసింది. అయిదింట్లో మూడోది అద్దంలా పడింది. కుబాత్ మొహం, దానికి బెత్తెడు దూరంలో ఇల్గిజ్ మోచెయ్యి. మోచేతిమీద వెంట్రుకలు కూడా కనిపిస్తున్నాయి. ఆ పాడు వెలుగులో అంత స్పష్టమైన ఫోటో పడినందుకు, పాపిష్టిది, ఆమెకి ఒక్క క్షణం గర్వం కూడా కలిగింది. అది గర్వపడే వేళా? కెమెరా జోల్దోష్‌కి అందించి, "ఇదిగో" అంది.

ఆ ఒక్క మాట చాలింది. జనం అడ్డుకమ్మీలు దూకి లోపలికి పడ్డారు. ఇల్గిజ్‌ని జుట్టు పట్టుకుని నేలకి కొట్టారు. అడ్డొచ్చిన అతని జట్టువాళ్ళని కుర్చీలతో బాదారు. కుబాత్ అన్న సాపార్ బెంచీ మీది చెక్క ఊడబీకి, ముందు ఇల్గిజ్ వీపు మీద వేశాడు, తర్వాత మోకాలి మీద. మోకాలు వెనక్కి వంగింది. కాళ్ళు పట్టుకుని ఈడ్చుకుంటూ బట్టలు మార్చుకునే గదిలోకి తీసుకుపోయారు. చెక్కనేల మీద ఎర్రటి చార మిగిలింది.

జోల్దోష్ కెమెరా తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. ఏం చెయ్యాలో తెలియనప్పుడు చేతులు తెలిసిన పనే చేస్తాయి. బొటనవేలు మసకవి చెరపడానికి వెళ్ళింది. రెండో ఫోటో తెరమీదికి వచ్చింది. చెరపమంటావా అని కెమెరా అడిగింది కూడా.

వేలు ఆగింది.

ఇల్గిజ్ మోచెయ్యి ఈ ఫోటోలోనూ అక్కడే ఉంది. ఆమె నాలుగోది చూసింది, అయిదోది చూసింది. ఆ మోచెయ్యి అణువంత కూడా కదల్లేదు. కదలని మోచెయ్యి కన్ను ఎలా తీస్తుంది? మళ్ళీ రెండోదానికి వచ్చింది. కుబాత్ పక్కన ఎర్మెక్. పళ్ళు బిగబట్టిన మొహం స్పష్టంగా ఉంది. అందరి చూపూ బంతి మీద ఉంటే వాడి చూపు కుబాత్ మీద ఉంది. ఎడమచెయ్యి పైకెత్తి ఉంది. కుడిభుజం ఉంది. భుజం తర్వాత చెయ్యి లేదు. అక్కడినుంచి కుబాత్ కంటిదాకా బూడిదరంగు పొగ.

కొట్టని చెయ్యి కాబట్టే ఇల్గిజ్ చెయ్యి కనిపించింది. ముప్ఫై ఏళ్ళుగా తన చేతిలో ఉన్న విద్యని, ఒక్క క్షణం గర్వంతో మరిచిపోయింది. ఆ మరుపుకి ఇప్పుడు గదిలో ఒకడి ఎముకలు విరుగుతున్నాయి.

ఆమె ఆ గదివైపు పరిగెత్తింది. తలుపు మూసి ఉంది. దానికి వీపు ఆనించి, లోపలికి పోవాలని గింజుకుంటున్న బాలిక్చీ ఆటగాళ్ళని తోసేస్తూ ఎర్మెక్ నిలబడి ఉన్నాడు. వాడు లోపలికెళ్ళి ఎవర్నీ కొట్టడం లేదు. కొట్టేవాళ్ళకి అడ్డంకి లేకుండా కాపలా కాస్తున్నాడు. వాడి వెనకనుంచి, నేను కాదు బైకె, నేను కాదు అని ఇల్గిజ్ ఏడుపు వినిపిస్తోంది. బైకె అంటే అన్నా అని. చంపుతున్నవాళ్ళని కూడా అన్నా అనే పిలుస్తున్నాడు పిచ్చి సన్నాసి.

ఎర్మెక్ తల్లి మొహం చూశాడు, కెమెరా చూశాడు. తెర వాడి వైపు తిప్పలేదామె.

"చెరిపెయ్ అపా," అన్నాడు మెల్లిగా, అమ్మని రోజూ పిలిచే పిలుపుతోనే. "మసకదే కదా."

అంతవరకూ ఆమెలో ఎక్కడో ఒక మూల, ఇది నా భ్రమేమో అన్న ఆశ ఉండింది. కన్నకొడుకు దాన్ని ఆ రెండు మాటలతో తుంచేశాడు. వేలింకా చెరిపే మీట మీదే ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. ఎర్మెక్ ఇంటికొచ్చి అన్నం తింటాడు, రాజధానికి వెళ్తాడు, గొప్పవాడవుతాడు. బాలిక్చీ కుర్రాడు బతికితే బతుకుతాడు. ఈ లెక్కంతా ఆమె వేసుకుంది. తల్లి కదా, వేసుకోలేదని అబద్ధం చెప్పడం దేనికి?

లోపల మళ్ళీ చెక్క పడ్డ చప్పుడైంది. ఈసారి ఇల్గిజ్ ఏడవలేదు.

జూరకాన్ జోల్దోష్ చెయ్యిపట్టి లాక్కొచ్చి తెర అతని కళ్ళముందు పెట్టింది. కొట్టినవాడు ఇందులో ఉన్నాడు చూడమంది. అతను కళ్ళు చిట్లించి చూశాడు.

"ఇందులో ఏముంది ఎజె? అంతా పొగ. మసక ఫోటో ఫోటోనే కాదని నువ్వే కదా అంటావు."

తన మాటే తన నోరు నొక్కింది. ఆ తెర ఇంక ఎవరికీ ఏమీ చెప్పదు. చెప్తే నోటితో చెప్పాలి. హాలంతా వినేట్టు చెప్పింది.

"కుబాత్ కన్ను తీసింది నా కొడుకు. ఎర్మెక్ కొట్టాడు. ముందు చెప్పింది తప్పు. ఇదీ కలిస్ మాట."

తన కొడుకు మీద తల్లి అబద్ధం చెప్పదు. ఆ సంగతి అర్థమవడానికి ఎవరికీ ఫోటో అక్కర్లేకపోయింది. తలుపు దగ్గరున్నవాళ్ళు ఎర్మెక్‌ని పక్కకి లాగేశారు. తలుపు తెరుచుకుంది. ఇల్గిజ్‌ని అతని జట్టువాళ్ళు దుప్పట్లో ఎత్తుకుని బయటికి పరిగెత్తారు. దుప్పటి కింద ఛాతీ ఎగిరిపడుతూనే ఉంది. వాళ్ళ వెనకే సాపార్ వచ్చాడు. చేతిలో చెక్క అలాగే ఉంది, దాని కొస ఎర్రగా ఉంది. జనం గోడలా చుట్టూ మూగారు. ఎర్మెక్ పారిపోలేదు. పారిపోవడానికి దారీ లేదు.

జూరకాన్ వెళ్ళి కొడుకు ముందు నిలబడింది.

"జరుగు ఎజె," అన్నాడు సాపార్, మర్యాదగానే. "మాట చెప్పావు, నీ రుణం మరిచిపోను. కలిస్ ఒక పక్షాన నిలబడకూడదు. జరుగు."

"కలిస్ పని అయిపోయింది," అంది ఆమె. "ఇప్పుడు నేను వీడి తల్లిని."

జరగమని సాపార్ ఇంకోసారి అడిగాడు. ఆమె జరగలేదు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, తమ్ముడి నెత్తురు అతని చొక్కామీద ఇంకా తడిగానే ఉంది. చెక్క ఎత్తాడు. ఆమె తలమీదుగా వెనకున్నవాణ్ణి కొట్టాలని చూశాడు. గురి తప్పి అది ఆమె భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు మొదట విన్నది ఆమె వెనక ఉన్నవాడే.

"నేనే కొట్టాను," అన్నాడు ఎర్మెక్. "అపాని వదలండి."

కూలిపోతున్న తల్లిని కుడిచేత్తో పట్టుకుని, గోడకి ఆనించి కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి, జనం మధ్యకి నడిచాడు.