బొట్టు కింద బోల్టు

కారు అమ్మేస్తానని మా ఆయన మద్దిలేటి అన్న రోజు నేను ఆయనకు అన్నం వడ్డించలేదు. కావాలంటే పెట్టుకుని తినమన్నాను. నాకు కోపం వస్తే అంతే.

అది మా మామగారు నంద్యాలలో ఎవరో దొర దగ్గర కొన్న పాత విలాయతి కారు. ముందు రెండు పెద్ద హెడ్‌లైట్లు, పక్కన ఎక్కడానికి మెట్టు. మామగారు పోయాక అది కొట్టంలో కోళ్లు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. డెబ్బై ఏడులో నేనే దాన్ని బయటికి తీయించి, మెకానిక్ యోబు దగ్గర నడపడం నేర్చుకున్నాను. ఆళ్లగడ్డలో నాకు తెలిసి కారు నడిపే ఆడది ఇంకొకతె లేదు. పొద్దున్నే రుద్రవరం దగ్గర మా చేనికి పోయి, కూలీలతో పని చేయించి, పొద్దుగూకాక వచ్చేదాన్ని. అంతకుముందు బస్సు కోసం రోడ్డు మీద పడిగాపులు పడేదాన్ని. స్టీరింగు చేతికొచ్చాక ఇంకెవరి కోసమూ ఎదురుచూసే పని లేకపోయింది. ఆ సుఖం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. అలాంటి కారును అమ్ముతాడట.

దానికి సాకు హెడ్‌లైట్లు. ఆ ఏడు దసరా దాటాక అవి మసకబారాయి. దేవుడి గూట్లో దీపమే వాటికన్నా నయం. ఒక సాయంత్రం రుద్రవరం నుంచి వస్తూ, రోడ్డుకు అడ్డంగా పడుకున్న బర్రెను చివరి క్షణంలో చూసి బ్రేకు తొక్కాను. బర్రె లేవను కూడా లేవలేదు. ఆ ముచ్చట ఇంట్లో చెప్పడమే మా ఆయనకు అందివచ్చింది.

"నంద్యాల నారాయణకు చెప్పినా. ఆదివారం వచ్చి కొని తోలుకపోతాడు" అన్నాడు.

"లైట్లు బాగైతే?"

"బాగైతే సూద్దాంలే."

"సూద్దాం కాదు. అమ్మనని చెప్పు."

"సరే, అమ్మను" అన్నాడు. బాగు కావని ధైర్యం.

మర్నాడే కారును యోబు షెడ్డుకు తీసుకుపోయాను. యోబు బల్బులు మార్చాడు. అదే మసక. బ్యాటరీ చార్జింగు పెట్టాడు. అదే మసక. డైనమో విప్పి బ్రష్షులు మార్చాడు. అయినా అంతే. శనివారం వచ్చేసింది. మర్నాడే నారాయణ వస్తాడు.

ఆఖరికి యోబు ఒక హెడ్‌లైటు ఊడదీసి, రెండు వైర్లు తెచ్చి నేరుగా బ్యాటరీకి కలిపాడు. కళ్లు జిగేలుమన్నాయి.

"లైటు బాగుంది, బ్యాటరీ బాగుంది" అన్నాను. "దాని జాగాలో పెడితేనే కదా రోగం. మధ్యలో ఏముంది యోబన్నా?"

"కరెంటు పోయే దావ బాగుందక్కా. తిరిగొచ్చే దావే..." అని ఆగాడు.

"అది యాడుంది?"

మడ్‌గార్డు లోపలి బోల్టు చూపించాడు. కరెంటు తిరిగొచ్చే ఎర్తు వైరు దాని కిందే బిగించి ఉంది. బోల్టు చుట్టూ పసుపు ముద్ద, దాని మీద కుంకుమ బొట్టు, అన్నీ ఎండి పెచ్చు కట్టి ఉన్నాయి.

"ఇప్పి సూడు మరి."

యోబు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నేను ముట్టనక్కా."

అప్పుడు గుర్తొచ్చింది. దసరాకు ముందు కారుకు రంగు వేయిస్తుంటే, పండగనాటికి దాని భాగాలన్నీ విప్పి చాప మీద పరిచి ఉన్నాయి. ఆయుధ పూజ నాడు మా అత్త రామేశ్వరమ్మ నూనెలో కలిపిన పసుపు పట్టుకొచ్చి, ఒక్క బోల్టు, ఒక్క వైరు కొస వదలకుండా పూసి బొట్లు పెట్టింది. తర్వాత యోబు అన్నీ అలాగే బిగించాడు.

"తుడిచి బిగియ్యాల్సింది కదప్పా" అన్నాను.

"ఎట్ల తుడుస్తా? మేము చర్చికి పోయేటోళ్లం. పెద్దమ్మ పెట్టిన బొట్టు నేను తుడిస్తే, కిట్టక తుడిసినాడనుకోరా?"

"ఇన్నాళ్లూ చెప్పొచ్చు కదా."

"మీ పూజ వల్లనే చెడిపాయనని ఏ నోటితో చెప్పేదక్కా?"

నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఆ మసక కారులోనే పోయి అత్తను తీసుకొచ్చాను. ఆమెకు పూజంటే ప్రాణం.

అత్త వంగి బోల్టును చూసి, యోబును చూసింది. "కొడవండ్లకు పెట్టిన పసుపు మర్నాడే కడుక్కుంటాం గదరా. లేకుంటే కోసేదెట్ల? దీనికి ఇంగా ఎందుకు పెట్టుకోనుండావు?" అని కొంగుతో తానే తుడిచేసింది. యోబు బోల్టు విప్పి, కరెంటుకు అడ్డుపడిన పసుపు పెచ్చంతా పోయి కింద ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో గీకాడు. రెండోవైపూ అంతే చేశాడు. స్విచ్చి వేస్తే ఎదురు గోడ మీద బల్లి ఉలిక్కిపడి పారిపోయింది. సంతోషం పట్టలేక నేను అత్తను కావలించుకున్నాను.

ఆదివారం పొద్దుగూకే వేళకు నారాయణ వచ్చాడు. నేను ఇంటి ముందు లైట్లు వేసి నిలబడ్డాను. వీధంతా తెల్లగా అయింది.

"సూస్తివా?" అన్నాను మా ఆయనతో.

ఆయన లైట్లు చూడలేదు, నేల చూశాడు. "అయినా అమ్మేద్దాం జయమ్మా."

"ఏందీ?"

"నువ్వు నడుపుతాంటే నేను పక్కన కూసుంటే, బజార్లో నవ్వుతాండారు. మద్దిలేటిని పెండ్లాం తోలుకపోతాంది అంటాండారు."

అదన్నమాట అసలు సంగతి. లైట్లు కావు, బర్రె కాదు. నాకు ఏడుపొచ్చింది. పోయి కారులో స్టీరింగు ముందు కూర్చున్నాను.

అరుగు మీదున్న మా అత్త మెల్లగా దిగొచ్చి, కారు ముందు తలుపు తీసుకుని, నా పక్క సీట్లో సర్దుకుని కూర్చుంది.

"నన్ను సూసి నవ్వితే నవ్వనీ. నేను కూసుంటా. నీకు సిగ్గైతే యెనక కూసో."

"ఇప్పుడు యాడికమ్మా?" అన్నాడు మా ఆయన.

"నారాయణకు బస్సు టైమైతాంది. బస్టాండుకాడ దించొద్దాం."

కారు కొనుక్కుపోవడానికి వచ్చిన నారాయణ వెనక ఎక్కాడు. మా ఆయన చేసేది లేక అతని పక్కన ఎక్కి సీట్లోకి జారిపోయి కూర్చున్నాడు. నేను కళ్లు తుడుచుకుని స్టార్టు చేశాను.

బజారులో టీ అంగడి ముందు బెంచీల మీద ఎప్పుడూ ఉండే గుంపు ఉంది. మా లైట్లు పడగానే మొహాలకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒక్కడికీ నవ్వే తీరిక లేదు. ఆ వెలుతురులో కారు ఎవరిదో పోల్చుకోలేక, ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడనుకుని అందరూ లేచి నిలబడ్డారు.

వెనక సీటు కిర్రుమంది. మా ఆయన నిటారుగా లేచి కూర్చున్నాడు.

"ఇంగొంచెం నిదానంగా పోనీ జయమ్మా" అన్నాడు. "బాగా సూడనీ వాళ్లను."