ట్రెవర్‌గారి అవసరాలు

కోర్టుకు తను వేసుకెళ్ళే తెల్ల చొక్కాకు కాలరు ఇస్త్రీ చేస్తూ లినెట్ బారక్లఫ్ ఒక్కతే పైకి నవ్వేసింది. "ఇస్త్రీ మనిషికి వారానికి నలభై ఐదు పౌండ్లు" అని రాశాడు ఆమె భర్త ట్రెవర్. విడాకుల ఆస్తి పంపకాలకు భార్యాభర్తలిద్దరూ చెరో ఫారం నింపాలి. తమకున్నదేమిటో, ఇకమీద ఒంటరిగా బతకడానికి ఏమేం కావాలో అందులో రాయాలి. ట్రెవర్‌గారి అవసరాలు రెండున్నర పేజీలు వచ్చాయి. ఇల్లు తుడవడానికి వారానికి రెండుసార్లు మనిషి. వండిన భోజనం ఐదు పూటలు. తోటపనికి ఒకరు, షాపు లెక్కలు రాయడానికి ఒకరు. అమ్మ ఎడ్నాను కాళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, గురువారం గురువారం తలంటి, జుట్టు చుట్టిపెట్టడానికి ఒక ఆయా. చుట్టాలకు పుట్టినరోజు కార్డులు కొని పోస్టు చెయ్యడానికి కూడా ఎవరో కావాలట. అన్నీ కలిపి ఏడాదికి ముప్పై ఒక్క వేల పౌండ్లు. పాపం ఇంత ఖర్చున్న మనిషి కాబట్టి ఇల్లూ షాపూ కలిపి వందలో అరవై అతనికి, నలభై ఆమెకి ఇవ్వాలట. లినెట్ ఫారంలో ఆ గళ్ళన్నిటికీ ఎదురుగా ఒకటే మాట ఉంది, "నేనే చేసుకుంటాను" అని.

అసలు ఆ ఫారంలో ఆమెకు ఒళ్ళు మండించింది జాబితా కాదు, మూడు పేజీల తర్వాత ఉన్న ఒక్క వాక్యం. "నా భార్య పెళ్ళయినప్పటి నుంచి ఏ ఉద్యోగమూ చెయ్యలేదు. అప్పుడప్పుడు షాపులో సాయపడేది." సాయపడేదట! ఇరవై తొమ్మిదేళ్ళు పొద్దున్నే షట్టరు ఎత్తింది ఎవరు? క్రిస్మస్ ముందురోజు టర్కీ కోడిని పొయ్యిలో పెట్టి, ఒళ్ళో ఫైలు పెట్టుకుని పన్ను లెక్కలు రాస్తుంటే, ఆ మహానుభావుడు స్నేహితుల గ్లాసుల్లో విస్కీ పోస్తూ, "మా ఆవిడకి ఖాళీగా కూర్చోవడం చేతకాదురా" అన్నాడు, అదేదో ఆమెకున్న జబ్బన్నట్టు. షాపుకొచ్చిన వాళ్ళతో "లినెట్‌కి ఇక్కడికి రావడం సరదా" అనేవాడు. అత్తగారు ఎడ్నా అయితే లినెట్ తన కాలిగోళ్ళు తీస్తుండగానే, "మావాడు ఒళ్ళొంచి సంపాదిస్తుంటే కూచుని తినే అదృష్టం ఎంతమందికి ఉంటుంది చెప్పు?" అని నిట్టూర్చింది. అప్పుడు లినెట్ కూచునే ఉంది నిజమే, నేలమీద. ట్రెవర్ వ్యాపారం వంటగదులు అమర్చడం. హాలిఫాక్స్ ఊళ్ళో సగం ఇళ్ళకు వంటగదులు అతనే అమర్చాడు. తన వంటగదిలో గరిటెలు ఏ సొరుగులో ఉంటాయో మాత్రం అతనికి ఈ రోజుకీ తెలియదు. అలాంటి మనిషికి భయపడి ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఉన్నందుకు లినెట్‌కి అతనికంటే ఎక్కువగా తనమీదే ఏవగింపు కలిగింది.

కోర్టులో చెరో చిన్న గది ఇచ్చారు. ఇది ఆఖరి విచారణ, రెండు రోజులు పడుతుంది. అయినా జడ్జి ముందుకు వెళ్ళేలోపు మాట్లాడుకుని తేల్చుకుంటారేమోనని పదకొండు దాకా టైమిచ్చారు. లినెట్ తరఫు లాయరు ఇమోజెన్‌కు ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆ పిల్ల అప్పటికి మూడుసార్లు ఈ గదికీ ఆ గదికీ తిరిగింది.

"వాళ్ళు మీకు వందలో నలభై ఐదు దాకా వచ్చారు," అంది ఇమోజెన్ కూర్చుంటూ. "నా లెక్క ప్రకారం జడ్జిగారు మీకు సగం ఇవ్వాలి. కానీ హామీ ఇవ్వలేను. పైగా లోపలికి వెళ్తే మీకు ఇంకో పద్నాలుగు వేలు ఖర్చు."

"లోపలికి వెళ్తే ట్రెవర్‌ని బోనెక్కిస్తారా?"

"ఎక్కిస్తారు. ప్రమాణం కూడా చేయిస్తారు."

"అప్పుడు నువ్వు అడగమ్మా. ఈ పనులన్నీ ఇన్నాళ్ళూ ఎవరు చేశారు అని అడుగు. అతని నోటితో నేను వినాలి."

ఇమోజెన్ కలం కింద పెట్టింది. "చూడండి, జడ్జిగారు ఎవరు మంచివాళ్ళు, ఎవరు చెడ్డవాళ్ళు అని తేల్చరు. ఆయనకు కావలసింది అంకెలు. ఆ ఒక్క మాట కోసం పద్నాలుగు వేలు పోసుకుంటారా?"

"పోసుకుంటాను."

అనేసి బాత్రూముకని లేచింది. యాభై ఏడేళ్ళొచ్చాయి, ఇంకా బడిపిల్లలా ఆ మనిషి మెచ్చుకోలు కోసం వెంపర్లాడటమేమిటని తన్ను తానే తిట్టుకుంది. అయినా కావాలి. ఇల్లు పోయినా సరే, అతను అందరిముందూ నిలబడి "లినెట్ చేసింది" అనాలి. ఆ రెండు మాటలు చాలు. అవి వింటే ఆ ఇరవై తొమ్మిదేళ్ళూ ఎక్కడో ఒకచోట నమోదైనట్టుంటుంది.

బాత్రూములో చేతులు కడుక్కుంటూ మాక్సీన్ కనిపించింది. ట్రెవర్ అక్క. తమ్ముడికి తోడొచ్చింది. ఒకరినొకరు కుశలమైనా అడగమేమో అనుకుంది లినెట్. కానీ మాక్సీన్‌కి ఎవరితోనైనా చెప్పుకోకపోతే కడుపు ఉబ్బిపోయేట్టుంది.

"ఈ గోల ఇవాళతో వదిలిపోతే బాగుండు. మూడు ఆదివారాలు నా ప్రాణం తీశాడు వాడు ఆ జాబితాతో."

"ఏ జాబితా?"

"ఏం కావాలి, ఎంతవుతుంది అని ఉందిగా, అదే. వాడికేం తెలుసు ఇస్త్రీకి ఎంతవుతుందో? 'అక్కా, నువ్వే ఏదో ఒకటి రాసి పడెయ్' అన్నాడు. నువ్వు ఏమేం చేసేదానివో గుర్తు తెచ్చుకుని, ఒక్కోదానికీ ఫోన్లు చేసి రేట్లు కనుక్కుని రాశాను. గురువారాలు అమ్మకి నువ్వు తలంటేదానివని కూడా నేను చెప్తేనే తెలిసింది వాడికి."

"చదివాడా అసలు?"

"సంతకం పెట్టాడు."

"నీకేమైనా ఇచ్చాడా?"

"నాకా?" మాక్సీన్ నిజంగానే తెల్లబోయింది. "నాకెందుకిస్తాడు? రాయడం అయ్యాక టీ పెట్టమన్నాడు."

లినెట్‌కి నవ్వొచ్చింది. పడీ పడీ నవ్వింది. చివరికి కళ్ళు తుడుచుకోవడానికి గోడకున్న పెట్టెలోంచి చేతులు తుడుచుకునే కాగితాలు లాక్కోవలసి వచ్చింది. మాక్సీన్ కాసేపు ఆమెను వింతగా చూసి, హాండుబ్యాగు సర్దుకుని వెళ్ళిపోయింది.

ఇన్నేళ్ళూ అతనికి అన్నీ తెలుసనీ, తెలిసీ పొగరుకొద్దీ ఒప్పుకోడనీ అనుకుంది లినెట్. ఆ పొగరు దించాలనే రేపటిదాకా లోపల కూర్చోవడానికి సిద్ధపడింది. తీరా చూస్తే దించడానికి అక్కడ ఏమీ లేదు. చొక్కా తొడుక్కున్నాడు గానీ అది నలగకుండా ఎలా ఉందోనని ఒక్కసారి కూడా అనుకోలేదు. అన్నం ముందుకొస్తే తిన్నాడు. తల్లి శుభ్రంగా కనిపిస్తే శుభ్రంగా ఉంది కాబోలనుకున్నాడు. తన అవసరాలేమిటో రాయడానికి కూడా ఒక ఆడమనిషి కావలసి వచ్చింది ఆ ఘనుడికి. "ఎవరు చేశారు?" అని బోనులో నిలబెట్టి అడిగితే అతను అబద్ధం చెప్పడు, పాపం తెల్లమొహం వేస్తాడు. ఆ తెల్లమొహం చూడటానికి పద్నాలుగు వేలా? ఇంట్లో ఉచితంగానే చూసింది కదా ఇన్నాళ్ళూ.

గదిలోకి తిరిగొచ్చి కుర్చీ లాక్కుంది. విన్నదంతా ఇమోజెన్‌కి చెప్పింది.

"సగం ఇస్తే ఇప్పుడే సంతకం పెడతాను. సగానికి ఒక్క పెన్నీ తగ్గినా లోపలికే వెళ్దాం. బోనులో ఆ జాబితా అతని చేతిలోంచి తీసేసి, అందులో ఏం రాశాడో చెప్పమని అడుగు."

ఇమోజెన్ మొహం వెలిగిపోయింది. ఫారం చివర "ఇందులో రాసినదంతా సత్యం" అని ఉంటుంది, దానికిందే ట్రెవర్ సంతకం. చదవకుండా సత్యమని సంతకం పెట్టిన మనిషిని బోనెక్కించే ధైర్యం ఏ లాయరుకూ ఉండదు. వాళ్ళ లాయరుకూ లేకపోయింది. ఇమోజెన్ వెళ్ళిన పన్నెండు నిమిషాలకు తిరిగొచ్చి తలుపు దగ్గరే నిలబడి, "సగం" అంది.

కాగితాలు రాసుకున్నారు, సంతకాలయ్యాయి. జడ్జిగారు చదివి, రెండు చిన్న సందేహాలడిగి ఆమోదించేసరికి పన్నెండున్నర అయింది. కారిడార్లో లినెట్ కోటు గుండీలు పెట్టుకుంటుంటే ట్రెవర్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మొహం కందగడ్డలా ఉంది.

"మొత్తానికి నీక్కావలసింది లాక్కున్నావు. ఇప్పుడు చల్లగా ఉందా కడుపు?"

లినెట్ అతన్ని కాస్త తీరిగ్గానే చూసింది.

"లేదు ట్రెవర్. నాకు కావలసింది నీ దగ్గర లేదు. అందుకని డబ్బు తీసుకున్నాను."